చెవి అందని చెల్లెలు

పోయిన వారం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఉన్న పిల్లల ఆసుపత్రికి మనవరాలిని తీసుకువెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. పుట్టినప్పుడు కిలోన్నర కూడా తూగని పిల్ల కాబట్టి, ఒళ్ళు చేయడం ఒక్కటే కాదు, బుద్ధి ఎలా వికసిస్తోందో, నడత ఎలా ఉందో కూడా కొన్ని నెలలకొకసారి చూపించుకోవాలట. డాక్టరమ్మ చాప మీద దానికి ఎదురుగా కూర్చుని, రంగురంగుల చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చమంది, గుడ్డ కింద గిలక్కాయ దాచి వెతకమంది, అది విసుగెత్తి ముక్కలన్నీ విసిరికొడితే నవ్వుతూ ఏరుకొచ్చి మళ్ళీ చేతికిచ్చింది. రెండు నెలలు ముందే పుట్టింది కాబట్టి వయసులోంచి ఆ రెండు నెలలు తీసేసి చూడాలనీ, తోటిపిల్లలతో పోల్చి కంగారుపడవద్దనీ చెప్పింది. మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అసూయ పుట్టింది. మనవరాలిని చూసి కుళ్ళుకునే అమ్మమ్మ ఎక్కడైనా ఉంటుందా అంటారేమో, ఉంది, ఇదిగో నేనే. ఆ కుళ్ళు నాలుగో ఏట పట్టుకున్న జబ్బు నాకు.

మాది బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపురంలో పట్టు నేసే ఇల్లు. నాకు నాలుగేళ్ళప్పుడు, నెలలు నిండకుండానే, మా చెల్లెలు పుట్టింది. మా నాయన అరచేతిలో తల, మోచేతి దగ్గర కాళ్ళు, అంతే పిల్ల. మా అవ్వ చాటలో దూది పరిచి దాన్ని పడుకోబెట్టి, వేడినీళ్ళ సీసాలకు గుడ్డలు చుట్టి అటూ ఇటూ పెట్టి, దిష్టి తగులుతుందని చుట్టాలను గుమ్మంలోంచే పంపేసేది. మగ్గం చప్పుడుకు ఉలిక్కిపడుతోందని నాయన మగ్గమే ఆపేశాడు. నేను పుట్టినప్పుడు ఒక్క పూట కూడా ఆగని మగ్గం దానికోసం పదిహేను రోజులు ఆగిందని ఇరుగుపొరుగు ముచ్చటగా చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అమ్మ ఒడి పోయింది, అవ్వ పక్క పోయింది, చివరికి పేరు కూడా పోయి ‘పెద్దది’ అయి కూర్చున్నాను.

అది రెండేళ్ళు దాటాక నడిచింది, మూడు దాటాక మాట్లాడింది. ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు, గట్టి చప్పుడైతే చెవులు మూసుకుని ఏడ్చేది, కాదంటే ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయేది, అందుకని ఇంట్లో ఎవరూ దాన్ని కాదనేవారు కాదు. నేను మగ్గానికి దారం కండెలు చుట్టాలి, నీళ్ళు మోయాలి, అది చిందరవందర చేసిన పట్టుదారం చిక్కు తీయాలి. బుద్ధి సరిగా కుదరలేదని ఊరంతా అనేవాళ్ళు. “బిడ్డ బతికి ఉండాది, అదే సాలప్పా. దానికి సదువెందుకు, గిదువెందుకు?” అనేది అవ్వ మా నాయనతో. ఆ మాట నాకెంత తీపిగా ఉండేదో చెప్పలేను. అన్నీ దానికే పోయిన ఆ ఇంట్లో నాకు మిగిలిన ఆస్తి ఒక్కటే, తెలివైన పిల్ల అన్న పేరు.

ఆ పేరుకీ ఎసరు వచ్చింది. నేను గోడకు ఆనుకుని పాఠం గట్టిగా చదువుకుంటుంటే అది నా ఎదురుగా చతికిలబడి పుస్తకంలోకి చూస్తూ ఉండేది. పుస్తకం వినేటప్పుడు తప్ప అది మరెప్పుడూ అంతసేపు కదలకుండా ఉండేది కాదు. దానికి ఆరేళ్ళు వచ్చిన వేసవిలో ఒకనాడు నేను నీళ్ళు తాగడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి, పుస్తకాన్ని తలకిందులుగా పెట్టుకుని, నేనింకా చదవని పాఠాన్ని వేలు పెట్టి చదువుతోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడి పుస్తకం కన్నడం, అయినా ఎక్కడా తడబడలేదు. ఎదురుగా కూర్చుని నేర్చుకుంది కదా, దానికి అక్షరాలు అలాగే అలవాటు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి గోడ వైపు తిరిగి, గొంతు ఎత్తకుండా చదవడం మొదలుపెట్టాను.

ఆ ఏడు అమ్మ పట్టుబట్టి దాన్ని బడికి పంపింది. మన కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పుట్టిన తేదీ ఎవరికి కావాలి, కుడిచేయి తల మీదుగా తీసుకెళ్ళి ఎడమ చెవిని అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు. అందనివాళ్ళు తల కాస్త వంచేవాళ్ళు, నేనూ వంచాను, మేష్ట్రు చూసీ చూడనట్టు పేరు రాసుకునేవాడు. నాయనతో పాటు నేనూ వెళ్ళాను, నాయన గుమ్మం బయటే నిలబడితే దాన్ని నేనే లోపలికి తీసుకెళ్ళాను. పుట్టుకతోనే పొట్టి చేతులు దానివి. మునివేళ్ళు చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. అది నా వైపు చూసి, మెల్లగా తల వంచింది. వేలు చెవి అంచును తాకింది కూడా. అప్పుడు నేను, ఎవరూ అడగకుండానే, మేష్ట్రుతో కన్నడంలో, అది తల వంచుతోందని చెప్పాను.

మేష్ట్రు వచ్చి దాని గడ్డం పట్టుకుని తల నిటారుగా నిలబెట్టాడు. చేయి అందలేదు. వచ్చే ఏడు చూద్దామన్నాడు. వచ్చే ఏడు అవ్వ పంపనివ్వలేదు. ఎనిమిది దాటాక బడికి వెళ్ళి, తనకంటే చిన్నవాళ్ళ మధ్య మొద్దు అనిపించుకుని, నాలుగో తరగతితో ఆపేసి మగ్గం ఎక్కింది. నేను చదువుకుని బెంగళూరులో ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నాను. అది కాగితం మీద బొమ్మ గీసుకోకుండా, మనసులోనే లెక్క పెట్టుకుని చీర అంచుకు నెమళ్ళు నేసేది. పెద్దపెద్దవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ మెప్పు చూసి కూడా కుళ్ళుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఉండబట్టలేక దానికి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళూ దిగమింగుకున్న ఆ బడినాటి మాట గబగబా కక్కేశాను.

“తెలుసక్కా,” అంది. “నేనేమన్నా చెవిటిదాన్నా? ఆడనే ఉంటి కదా.”

మరి ఇంటికొచ్చాక అమ్మతో ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

“చెప్పింటే నాయన నిన్ను కొడతాండె. ఆమీట నువ్వు నాకు వినబడేటట్టు ఎప్పటికైనా సదువుతాంటివా?”

గోడ వైపు తిరిగిన నేను మళ్ళీ ఇటు తిరుగుతానేమోనని, అదొక్కటే ఆశ పెట్టుకుని నోరు కట్టుకుందన్నమాట. నేను తిరగలేదు. ఆరేళ్ళ పిల్లకు అంత ముందుచూపు ఉంది, పదేళ్ళదాన్ని నాకు లేదు. ఏడుపు ఆపుకుంటూ కూడా, ఆ బుద్ధి నాకెందుకు రాలేదా అని దాని మీద అసూయే కలిగింది.

ఇప్పుడు కాలం మంచిదే. చిన్నగా పుట్టిన పిల్ల ఎదుట పెద్దడాక్టరు నేల మీద కూర్చుంటుంది, వస్తువులు విసిరికొట్టినా ఎందుకో ఆలోచిస్తుంది, ఎంత తెలుసో ఓపికగా ఆడించి కనుక్కుని కాగితం మీద రాస్తుంది. ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ ఆ కాగితం పట్టుకుని మా అమ్మాయి మురిసిపోతుంటే నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉండిపోయాను. జీవితమంతా మా చెల్లెలిని చూసి కుళ్ళుకున్నదాన్ని, ఆరోజు మొదటిసారి దాని తరఫున కుళ్ళుకున్నాను.