మా శెనక్కాయ చేన్లో సినిమా వాన

ఒక పగ సినిమాలో హీరో చేతిలో చచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నన్ను పడగొట్టడానికి హీరోకు మూడు దెబ్బలు పట్టినాయని ఊళ్ళో అడిగినవాళ్ళకంతా చెప్తుంటాను. పుస్తకంలో రాసేటప్పుడు అట్లా కుదరదు. ఆయన నన్ను తాకనే లేదు. ఫైటుమాస్టరు వేలు చూపించి, "పెద్దాయనా, నువ్వు ఆ గట్టు పక్కన పడిపో" అన్నాడు. పడిపోయినాను. నా వీరమరణం అంతే.

అయితే ఆ పొద్దు నేను పడింది నా చేన్లోనే. నా మీద పడింది వాన. ట్యాంకర్లలో వచ్చిన వానే కావచ్చు, కానీ ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

పగ సినిమాలు నాకు కొత్తవి కావు. వయసులో ఉన్నప్పుడు బస్సు టాపెక్కి అనంతపురం పోయి వెయ్యి చూసినానని చెప్పుకుంటాను. నిజానికి వంద కూడా ఉండవు. ఉండనక్కర్లేదు కూడా, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. మొదట్లోనే నాయన చచ్చిపోతాడు. అమ్మ నెత్తుటి టవలును పెట్టెలో దాచిపెడుతుంది. కొడుకు ఇంకో ఊళ్ళో పెరిగి, ఏమీ తెలియనట్టు డాన్సులు కడతాడు. ఇంటర్వెల్లుకు ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. హీరోయిను ఆ తర్వాత ఏమైపోతుందో ఆమెకే తెలియదు. చివర్లో పగ తీరుతుంది. టవలు బయటికొస్తుంది.

ఈ సినిమాల మీద నాకు చాలా కోపాలున్నాయి. వీటిలో మా సీమ మనుషులు కొడవలి పట్టుకోకుండా కనిపించరు. ఆ కొడవలి మాత్రం ఒక్క గడ్డిపోచనూ కోయదు. విలన్ మనుషులు చేటలో చెరిగిన పొట్టులాగా ఎగిరి పడతారు. వాళ్ళకు పెండ్లాలుండరా, ఇంట్లో సంగటి చల్లారిపోతుంటే ఎదురు చూసేవాళ్ళుండరా? కోస్తా పక్క పెండ్లికి పోతే, "మీ ఊళ్ళో రోజూ బాంబులేస్తారంట కదా?" అని అడుగుతారు. "పండగ రోజు సెలవు" అని చెప్పి వస్తాను. అదీ గొప్పకే. నిజంగా చెప్పింది, "మాకు బాంబులూ లేవు, వానలూ లేవు" అని. పాపం, ఆ మాట ఎవరికీ నచ్చలేదు.

ఆ సినిమావాళ్ళు కళ్యాణదుర్గం పక్క మా ఊరికి వచ్చిన ఏడాది, విత్తనం వేసేటప్పుడు ఒక వాన పడి మళ్ళా మొహం చూపించలేదు. ఈ ఏడాది వేయొద్దని నేనన్నాను. మా ఇంటామె వినలేదు. పోయిన పంటలో చేత్తో ఏరి, కూర్చోని ఒలిచి దాచుకున్న విత్తనం. "ఇంట్లో పెట్టుకుంటే మొలుస్తాదా?" అని ఉన్నదంతా వేసేసింది. చెట్టు లేచింది, పసుప్పచ్చని పూత వచ్చింది, ఊడలు దిగుతా ఉండాయి. శెనక్కాయ సంగతి తెలియనివాళ్ళకు చెప్తున్నాను. పూత రాలినాక సూదిలాంటి ఊడ ఒకటి కిందికి దిగి మన్నులో గుచ్చుకుంటేనే కాయ. మన్ను పెంకులాగా ఉంటే ఊడ గాల్లోనే వేలాడి ఎండిపోతుంది. మా బోరు ఎప్పుడో చచ్చింది. ఆమె పొద్దున్నే పోయి చెట్టు చెట్టునూ ఎత్తి చూసి ఇంటికొచ్చేది. ఆ చేను పోతే మరుసటి ఏడాదికి ఇంట్లో గింజ లేదు.

అట్లాంటప్పుడు మా చేను పక్కనున్న బీడు నేలలో ఆఖరి ఫైటు తీస్తారని తెలిసింది. వానలో ఫైటు! టీ అంగడి దగ్గర అదే మాట.

"వాన్లో ఎందుకంటన్నా?"

"వాళ్ళ నాయనను వాన్లోనే చంపినారంట. వీడూ వాన్లోనే చంపాలంట."

"అట్లయితే మన పక్క ఎవడూ చావడప్పా. వాన కోసం కాచుకోని కాచుకోని కత్తులు తుప్పు పట్టిపోతాయి."

"తుప్పు పట్టాలన్నా తడి ఉండాల గదన్నా!"

నవ్వినాము గానీ, ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటా ఊళ్ళోకి వచ్చినప్పుడు టీ గ్లాసులు వదిలేసి అందరమూ లేచి నిలబడినాము. అన్ని నీళ్ళు! క్రేను పైకి పైపులు ఎక్కించి, వాటికి జల్లెడ మూతలు బిగించినారు. అవన్నీ బీడు వైపు తిరిగి ఉండాయి.

ఆ ఫైటును మా చేన్లోకి మార్పించింది నేనేనని, డైరెక్టరుకు కథ మీద నాలుగు సలహాలు ఇచ్చినానని చాన్నాళ్ళు చెప్పుకున్నాను. నాకంత నోరెక్కడిది? నేను చచ్చేవాళ్ళ వరసలో నిలబడి, చచ్చినాక బిర్యాని పెడతారా, ముందే పెడతారా అని అడుగుతా ఉండాను. మా ఇంటామె కొంగు నడుముకు చెక్కి, గొడుగు కింద కూర్చున్న డైరెక్టరు దగ్గరికి తిన్నగా పోయింది.

"నాయనా, ఆ బీట్లో ఎందుకు? మా చేన్లో కొట్టుకోండి."

ఆ అబ్బాయి బిత్తరపోయినాడు. "పంటంతా తొక్కేస్తారమ్మా. పాడైపోతుంది."

"తొక్కితే కొంత పోతాది. తడవకపోతే అంతా పోతాది."

డైరెక్టరు చేను వైపు చూసినాడు, కెమెరామన్ వైపు చూసినాడు. పచ్చగా బాగుంటుందని ఇద్దరూ తల ఊపినారు. క్రేను మా గట్టు వైపు తిరిగింది.

పొద్దు వాలుతుండగా "యాక్షన్" అన్నారు. వాన పడింది.

ఎట్లా చెప్పాల? మొదట చప్పుడు. ఎండిన ఆకుల మీద గుప్పెడు గుప్పెడు గింజలు చల్లినట్టు. ఆ తర్వాత వాసన. ఊరు ఊరంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. ఎర్రమన్ను నల్లబడుతా పోయింది. గట్టు కింద యాడుందో, ఒక కప్ప అరిచింది. అన్ని నెలలు మన్నులో పడుకున్న కప్ప! ఇది ట్యాంకరు నీళ్ళని దానికి ఎవరు చెప్తారు? అది నమ్మింది. దాన్ని చూసి నేనూ నమ్మినాను. శవాన్నని మరిచిపోయి నోరు తెరిచినాను.

"కట్! ఎవరయ్యా ఆ శవం? నీళ్ళు తాగుతున్నాడు!"

వాన టక్కున ఆగిపోయింది. ఆ ఆగడం చూసి గట్టు మీదున్న ఆడవాళ్ళు అయ్యో అన్నారు. మళ్ళా తీయాలన్నారు. అంటే మళ్ళా వాన! అప్పుడు అందరికీ ఒకేసారి సంగతి అర్థమైంది. ఫైటు సరిగ్గా వచ్చిందంటే వాన అయిపోతుంది. ఊరంతా ఆ హీరో కాలు జారాలని మొక్కుకోవడం మొదలుపెట్టింది. మా ఇంటామె నా టవలు సర్దే నెపంతో వంగి చెవిలో చెప్పింది.

"ఇంగొక తూరి చెడగొట్టప్పా. తూర్పు మూల తడవలేదు."

రెండోసారి దగ్గినాను. పది టేకులు చెడగొట్టినానని చెప్పుకుంటాను గానీ, నా వాటా ఆ రెండే. మిగిలినవి హీరో చెప్పు ఊడిపోయి, కెమెరా అద్దానికి ఆవిరి పట్టి, దేవుడి దయవల్ల చెడినాయి. దగ్గిన తర్వాత ఫైటుమాస్టరు నన్ను బోర్లా తిప్పి, నా మీద ఇంకొక శవాన్ని పడేసినాడు. "నువ్వు ఇంకెప్పుడూ చావొద్దు తాతా" అని దండం పెట్టినాడు. మూతి బురదలో పెట్టుకోని నేను నవ్వుతా ఉండాను. బురద! మా చేన్లో!

మరుసటి పొద్దు ఆమె నన్ను చేనికి పిలుచుకోని పోయింది. నడిమధ్యన హీరో, విలన్ కలిసి చాప పరిచినట్టు తొక్కేసినారు. గట్టు పక్క చెట్టు దగ్గర ఆమె గొంతుకూర్చోని, బొటనవేలితో మన్ను కొంచెం తీసి చూపించింది. ఊడ లోపలికి దిగింది. దాని మొన మీద వేలు పెట్టి ఆమె ఎంతసేపు కూర్చుందో. చేనికి అటుపక్కంతా ఎండిపోయింది. సినిమా వాన పడినంత మేర మాత్రం పచ్చగా నిలిచింది. చెట్లు పీకే ముందర నిజం జల్లు ఒకటి పడింది. ఆమె వేసిన విత్తనం, మళ్ళా వేసుకునేటంత, ఇంటికి తిరిగొచ్చింది.

ఆ గింజలు మళ్ళా మన్నులో పడినాక సినిమా అనంతపురం వచ్చింది. ఇద్దరమూ పోయినాము. కథ నేను అనుకున్నట్టే నడిచింది. ఏది ఎప్పుడు వస్తుందో నేను ముందే చెప్తుంటే ముందు సీట్లో కుర్రోడు, "తాతా, నువ్వే రాసినావా ఏమి?" అన్నాడు. అవునన్నాను. కాదని ఇప్పుడు చెప్తున్నాను. అయినా ఆఖరి ఫైటు దగ్గరపడేకొద్దీ సీటు అంచుకు జరిగినాను. ఈ సినిమాల బలం అదేనేమో. వచ్చేదేమిటో తెలుసు, వస్తుందనీ తెలుసు, అయినా ఎదురు చూడటంలో ఊపిరి ఆగిపోతుంది. తెర మీద ఉరిమింది. నాయన చచ్చిన రోజులాగే వాన మొదలైంది. హాలంతా ఈలలు. నేను ఏడ్చినాను. హీరో కోసం కాదు.

శవాల్లో నా వీపు కోసం వెతుకుతుంటే మా ఇంటామె నా భుజం పట్టి ఊపింది. "అదో, అదో!"

"కనిపించినానా?"

"నువ్వు కాదప్పా. తూర్పు మూల! చూడు ఎట్లా తడుస్తాందో!"

విలన్ పడిపోయినాడు. పగ తీరింది. వాన ఆగి ఆకాశం తెల్లబడింది, జనమంతా లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆమె ఒక్కతే సీట్లోంచి ముందుకు వంగి, తెర వైపు చేయి చాపి, గట్టిగా అరిచింది.

"అప్పుడే ఆపేసినారేమప్పా!"