సుమారు ఏడు రోజులు

మా వీధి లెక్కల అయివారు పోయారన్న కబురు పోయిన మంగళవారం ఫ్యాక్టరీలో, కాటా ముందు నిలబడి ఉండగా అందింది. చేతిలో ఉన్న పెట్టె బరువు రాసి, ఆ తర్వాతే పక్కకు వెళ్లి ఏడ్చాను. ఆయన చూసుంటే ముందు అంకె సరిగ్గా రాసినావా లేదా అని అడిగేవారు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. హోసూరులో పనికొచ్చి మూకండపల్లిలో కాపురం పెట్టినప్పుడు ఎదురింట్లో ఉన్నది ఈయనే. తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేరు. వీధిలో తాగి పారేసిన కూల్‌డ్రింక్ డబ్బాలన్నీ నీళ్ల ట్యాంకు పక్క చిన్న గదిలో పోగేయించి, నెలకొకసారి తూచి, కరిగించేవాళ్లకు పంపేవారు. మట్టి నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి వంద పాళ్ల కరెంటు పడితే, పాత డబ్బా కరిగించడానికి అయిదు పాళ్లు చాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. యూనిట్లంటే ఎవరికీ తలకెక్కలేదు. అందుకని, మిగిలిన కరెంటుతో మా వీధి బోరు మోటారు ఎన్ని రోజులు తిరుగుతుందో లెక్కగట్టి గది గోడకు బోర్డు పెట్టారు. 'సుమారు' అన్న మాట పెయింటుతో రాశారు. దాని కింద అంకె మాత్రం సుద్దముక్కతో. రోజులో పావో అరో మిగిలితే కొట్టేసేవారు. "సుమారు అంటే నోటికొచ్చింది కాదమ్మా. తగ్గించి చెప్పేది" అనేవారు.

ఆ గది మీద కొందరికి కన్ను. వీధి మధ్య చెత్త గది ఎందుకని ఫిర్యాదు చేశారు. దాన్ని ఉంచాలా తీసేయాలా చూడటానికి ఒక ఆఫీసరు వస్తున్నారని తెలిసింది. ముందురోజు తూకం నేనే వేశాను. తొమ్మిది రోజులొచ్చింది. అంతకు ముందెప్పుడూ అంత రాలేదు, వీధంతా మురిసిపోయింది.

తెల్లవారి ఆఫీసరు బోర్డు చదువుతుండగా అయివారు గోనెసంచిని చేత్తో తడిమి చూశారు. మొన్నటి వానకు తడిసింది కదా, గోనె బరువు ఎంత తీసేసినావని నన్నడిగారు. నేను ఎప్పటిలాగే ఎండు గోనె బరువే తీసేశాను. పొద్దస్తమానం కాటా దగ్గరే ఉద్యోగం, చేసింది ఈ తప్పు! ఆ మాట చెప్పగానే ఆయన కండువా కొసతో తొమ్మిదిని తుడిచేశారు. గది పోతుందేమోనని నేను గొణిగాను.

"గది పోతే ఆడో ఈడో ఇంకోటి దొరుకుతుందిలేమ్మా. అబద్ధం రాసిన బోర్డును మళ్లా ఎవురు నమ్ముతారు?"

డబ్బాలు నేల మీద గుమ్మరించి, ఎండిన సంచిలో వేసి ఆఫీసరు ఎదుటే మళ్లీ తూచాం. ఏడొచ్చింది. తన లెక్కను తానే తగ్గించుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఆఫీసరు తమిళంలో అని నవ్వాడు. గది మాకే ఉండిపోయింది. అయివారి ఎదురింట్లో ఉంటున్నానని చెప్పుకోవడం నాకు ఆ రోజు నుంచి గొప్పగానే ఉంటుంది.

నిన్న ఈ నెల తూకం. అయివారి కోడలు పదకొండు డబ్బాలు తెచ్చిచ్చింది. జన్మంతా మజ్జిగ తప్ప ముట్టని మనిషికి చివర్లో అన్నం దిగక, డబ్బాలో పళ్లరసమే పట్టారట. లేవలేకపోయినా ప్రతి డబ్బా కడిగించి, చుక్క నీళ్లు లేకుండా కిటికీలో బోర్లించి పెట్టించారట. వాటిని కలిపితే లెక్క ఏడున్నర దాటింది. ఈ ఒక్క నెలా ఆయన పేరు చెప్పి ఎనిమిది రాద్దామని వీధివాళ్లు అన్నారు. నాకూ రాయాలనే ఉండింది. సుద్దముక్క అందుకున్నాను.

ఏడే రాశాను. ఎండకు వెలిసినా ఆయన చేతి 'సుమారు' ఇంకా చదివేలాగే ఉంది. దాని కింద, తెల్లగా, ఏడు.