ఎడమపక్క పెదవి

పొద్దున లేవగానే నా మొదటి పని వంటింటి నేల తుడవడం. రెండు కుర్చీల కింద రెండు చిన్న మడుగులు ఉండేవి. నేను కాఫీ కాచేలోపు నా భర్త జాఖారీ, మా అమ్మాయి దెనిత్సా అక్కడ కూర్చుని కొమ్ముబూరలు ఊదేవారు. నత్తగుల్లలా చుట్టుకున్న ఆ ఇత్తడి గొట్టంలో ఊపిరి నీరై చేరుతుంది. పాట ఆపి, గొట్టం ఊడదీసి, నేల మీదికి విదిలిస్తారు.

"మీరు మనుషులా, కారే చూరులా?" అని రోజూ తిట్టేదాన్ని. జాఖారీ పెదవులు విప్పకుండా నవ్వేవాడు.

చలికాలంలో జాఖారీ పోయాడు. వసంతం వచ్చాక నేల పొడిగానే ఉండేది. అయినా పొద్దున్నే గుడ్డ తడిపేదాన్ని. తుడవడానికి ఏమీ ఉండేది కాదు, పిండి ఆరేసేదాన్ని.

ఆయన గనిలో యంత్రాలు బాగుచేసేవాడు. సాయంత్రాలు గని కార్మికుల బ్యాండులో ఊదేవాడు. మా గనుల ఊరు పెర్నిక్‌లో శవయాత్ర ముందైనా, గనుల పండుగ ఊరేగింపు ముందైనా ఆయనే. సంగీతం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. కూతురికి తనే నేర్పాడు. సోఫియాలో సర్కారు సంగీత విద్యాలయంలో దానికి సీటొచ్చిన రోజు గేటు బయటే ఆగిపోయి టోపీ తీశాడు. "లోపలికి రా నాన్నా" అంటే, "నా బూట్లకి బొగ్గుంది" అన్నాడు. బూట్లు నేనే తుడిచాను, బొగ్గేమీ లేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజున, ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు పంచాక బ్యాండు పెద్ద మెతోదీ వచ్చి, టోపీ నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"బూర బ్యాండుది కదా వదినా..."

ఇచ్చేశాను. వంటింట్లో ఒక కుర్చీ ఖాళీ అయింది. తలుపు మీద అతికించిన మరణ ప్రకటన కాగితం మీది ఫోటోలో మాత్రం జాఖారీ పెదవులు బిగించుకుని చూస్తూ ఉన్నాడు.

రెండో కుర్చీ కింద నేల వసంతంలో ఆరిపోయింది. ఒక సాయంత్రం దెనిత్సా సోఫియా నుంచి రైలు దిగి వచ్చి, చిక్కుడుగింజల చారు ముందు పెట్టినా చెంచా ముట్టలేదు.

"ఇవాళ క్లాసులో లాలెవ్ సారు నా ముందు అద్దం పెట్టాడమ్మా."

"ఎందుకే?"

"బూర ఊదే గిన్నె పెదవుల నడిమధ్య ఆనాలట. నాది ఎడమపక్కకి ఉంది. ఇలాగే ఊదితే పై స్వరాలు నిలబడవట. కొన్నేళ్లకి పెదవే చచ్చిపోతుందట."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశాడాయన?"

"ఇన్నాళ్లూ చెబుతూనే ఉన్నాడు. అది మా నాన్న పద్ధతి సార్ అనేదాన్ని. ఇవాళేమో, మీ నాన్న పద్ధతి వీధిలో ఊదుకో, ఆర్కెస్ట్రాలో కాదు అన్నాడు." చారు దూరంగా జరిపింది. "జూన్ పరీక్షకి సులువైన పాటే ఇస్తాడట. కానీ మధ్య నుంచే ఊదాలి. లేకపోతే క్లాసులో ఉంచుకోడట."

నాకు సంగీతం తెలియదు, చదువూ అంతంతమాత్రమే. బూర పెదవికి ఎక్కడ ఆనుతుందో చూడాలని నాకెప్పుడూ తోచలేదు. గిన్నె ఒత్తుకుని ఒత్తుకుని దెనిత్సా పెదవి మీద పడిన ఎర్రటి గుండ్రం గుర్తు ఆ రోజే సరిగ్గా చూశాను. జాఖారీకీ అక్కడే ఉండేది.

"మీ నాన్నది పన్ను వల్ల కదే" అన్నాను.

"ఏ పన్ను?"

దానికి తెలియదు. అది పుట్టేసరికే ఆయన పన్ను కట్టించుకున్నాడు. మా పెళ్లికి ముందు గనిలో ఇనుప పిడి తిరగబడి మూతికి తగిలింది. పైవరస ముందు పన్ను విరిగింది. గిన్నె ఆ ఖాళీ మీద ఒత్తితే ప్రాణం పోయేది. బ్యాండు మానలేక, పన్ను గట్టిగా ఉన్న ఎడమవైపుకి జరుపుకున్నాడు. పెదవి దానికే అలవాటు పడింది. పెట్టుడు పన్ను ఎక్కడ ఊడుతుందోనన్న భయంతో నోరారా నవ్వడం కూడా మానేశాడు.

అంతా విని దెనిత్సా నాలుకతో తన పళ్లు తడుముకుంది.

"అంటే, నా నోట్లో లేని కంత చుట్టూ ఇన్నేళ్లూ ఊదానా?"

"మీ నాన్న ఏం చేస్తాడే, ఆయనకి..."

"నాన్నకి కంత ఉందమ్మా! నాకేముంది?"

నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, కాసేపటికి అది నవ్వు కాదు.

మర్నాటి నుంచి రొట్టెల డబ్బాకి అద్దం ఆనించి, గిన్నె మధ్యలో పెట్టి ఒకే ఒక్క స్వరం ఊదేది. దారి తప్పిన దూడ అరుపులా ఉండేది. వేటపాటలు పరుగులు తీయించిన పిల్ల ఒక్క ఊపిరి నిలపలేక బూర ఒళ్లో పెట్టుకునేది. నీరు చేరేంతసేపైనా ఊదేది కాదు.

కింది వాటాలో ఉండే వేనెతా ఒకరోజు పళ్లెంలో బానిత్సా, జున్ను పెట్టిన పొరల రొట్టె, పట్టుకుని పైకొచ్చింది. మధ్యాహ్నం నిద్రవేళ పాట వినిపిస్తే గరిటెతో గోడ వెంట పైకొచ్చే నీళ్ల గొట్టం మీద టంగుటంగుమని కొట్టే మనిషి.

"ఏమే, పిల్లకి ఒంట్లో బాగాలేదా? గరిటె పట్టుకుని కూర్చుంటున్నా, కొడదామంటే పాటే లేదు."

"పెదవి మార్చుకుంటోంది వదినా."

"పెదవేంటే మార్చుకోడానికి! నా మొగుడు ఇన్నేళ్లలో చొక్కా మార్చుకోమంటేనే మార్చుకోలేదు."

నేను నవ్వాను. లోపల్నుంచి దూడ అరిచింది. వేనెతా పళ్లెం నా చేతిలో పెట్టి దిగిపోయింది.

పరీక్ష దగ్గర పడ్డాక ఒక సాయంత్రం దెనిత్సా అంది: "మధ్యలో పెడితే ఎప్పటికైనా స్వరం వస్తుందేమో. నాన్న మాత్రం రాడమ్మా. పక్కకి పెడితే మొదటి ఊపిరికే పలుకుతాడు."

నేను చారు వేడి చేశాను.

పరీక్షకి నేనూ వెళ్లాను. వసారాలో బల్ల మీద కూర్చున్నాను. తలుపు తలుపు వెనకా ఒక్కో పాట, సంతలో అందరూ ఒకేసారి బేరమాడుతున్నట్టు. దాని వంతు వచ్చింది. సన్నగా, వణుకుతూ మొదలైంది. మధ్య నుంచే ఊదుతోందని తెలిసింది. పాట పైకి ఎక్కే చోట సన్నబడి, తెగబోయి, ఉన్నట్టుండి విచ్చుకుంది. నిండుగా, కొంచెం బొంగురుగా, గనుల ఊరేగింపులో వినబడే స్వరం. జాఖారీ గొంతు! చేతిసంచీ గుండెలకి హత్తుకున్నాను. పాట అక్కడే ఆగిపోయింది. మళ్లీ మొదలవలేదు.

లాలెవ్ బయటికొచ్చాడు. తెల్లజుట్టు మనిషి. నా పక్కనే కూర్చున్నాడు.

"భయపడి పక్కకి జరిపేసిందమ్మా. తెలియగానే తనే ఆపేసింది."

"ఆ ఒక్కచోట బాగుంది కదండీ?"

"బాగుంది. నాకున్న చిక్కంతా అదే." మోకాళ్ల మీద చేతులు రుద్దుకున్నాడు. "సెప్టెంబరులో మళ్లీ పరీక్ష ఉంది. మధ్య నుంచి ఊదగలిగితేనే రమ్మనండి. అదే ఆఖరు."

ఇంటికొచ్చాక దెనిత్సా బూరపెట్టెని మంచం కిందికి కాలితో తోసింది. గోడవైపు తిరిగి పడుకుని, "స్టేషన్ దగ్గర దుకాణంలో మనిషి కావాలట. సోమవారం వెళ్తా" అంది. పెట్టింది తినలేదు. తలుపు మీది కాగితం దగ్గరికెళ్లి, నువ్వయినా చెప్పు దానికి అని అడిగాను. ఆయన పెదవులు బిగించుకునే ఉన్నాడు.

సోమవారం పొద్దున నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే వంటింట్లోంచి దూడ అరిచింది. తలుపు సందులోంచి చూశాను. దుకాణానికని ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్ల నాన్న కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అద్దం. గిన్నె నడిమధ్యన. స్వరం పగిలింది. మళ్లీ ఊదింది, మళ్లీ పగిలింది. అలా చాలాసేపు. ఏడుస్తూనే గొట్టం ఊడదీసి నేల మీదికి విదిలించింది. కింది నుంచి గరిటె టంగుమంది.

దెనిత్సా మూతి తుడుచుకుని లేచింది. "దుకాణానికి వెళ్తున్నా" అని వెళ్లిపోయింది. బూర మాత్రం పెట్టెలో పెట్టలేదు, బల్ల మీదే వదిలేసింది.

జాఖారీ కుర్చీ కింద చిన్న మడుగు. గుడ్డ తడిపి, పిండి, వంగబోయాను. మడుగుని అలాగే ఉండనిచ్చి, గుడ్డ మేకుకి తగిలించేసి కాఫీ పెట్టుకున్నాను.