మరిడమ్మ శోకాలూ, కాలేజీ వలా

అమ్మిరాజు వేళ్ళు వెదురు సూదితో వల ఆఖరి వరస కడుతున్నాయి. రాజమండ్రి పోతున్న ఆ పడవ ముందు భాగాన కూర్చుని అతని మేనత్త మరిడమ్మ, బుల్లబ్బాయి పోయినందుకు ఏడుస్తోంది. బుల్లబ్బాయి పోలేదు. పడవ వెనక నిలబడి చుక్కాని పట్టుకుని ఉన్నాడు.

"ఓ నా బుల్లబ్బాయో, నీ చుక్కానికి కాలవ నీళ్ళు కూడా మాట వినేవి కదయ్యో. లాకు తలుపులు ఎంత ఇరుకైనా పడవకి గీత పడకుండా దాటించేవాడివి కదయ్యో."

"పిన్నీ, నేనిక్కడే ఉన్నానే."

"ఉన్నావు కాబట్టే చెబుతున్నాను. పోయాక వింటావేంటి?" అని ముక్కు చీది, మరిడమ్మ వదిలిన చోటు నుంచి మళ్ళీ అందుకుంది.

ఆమెకున్న అలవాటు అదొక్కటే. బతికున్నవాళ్ళ మీద శోకాలు పెడుతుంది. చావింట్లో ఆడవాళ్ళు పోయినవాళ్ళ గుణాలు వరసపెట్టి చెప్పుకుంటూ ఏడ్చే రాగం ఒకటుంది. అదే రాగం, అదే గుండెలు బాదుకోవడం. కాకపోతే ఎవరి మీద ఏడుస్తోందో ఆ మనిషి ఎదురుగా పని చేసుకుంటూ ఉంటాడు. మొగల్తూరు దిగువన సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ పల్లెలో ఈ శోకం పడని ఇల్లు లేదు. ఒకసారి కల్లుగీసే సత్తిరాజు తాడిచెట్టు మీద ఉండగా చెట్టు మొదట్లో కూర్చుని మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని అతని పెళ్ళాం, అత్తగారు, ఇరుగుపొరుగు అందరూ గుండెలు బాదుకుంటూ వచ్చేశారు. సత్తిరాజు కల్లుకుండతో దిగేసరికి కింద తన చావుకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. పెళ్ళాం అతన్ని చూసి రెండు తగిలించింది, పైనుంచి ఒక్క కేక వెయ్యలేకపోయావా అని.

"బాగా చెబుతోంది కదా, మధ్యలో ఆపడమెందుకని," అన్నాడతను.

నిజంగా ఎవరైనా పోతే మాత్రం మరిడమ్మ నోరు విప్పదు. గోడకి చేరబడి కూర్చుంటుంది. ఏడవమని ఎవరైనా పొడిస్తే, "చెప్పాల్సింది ఆడికి చెప్పేశాను, మీకేం చెప్పను," అంటుంది.

కిందటి కార్తీకంలో గాలివాన వచ్చినప్పుడు కూడా అంతే. ఆమె ఒక్కగానొక్క కొడుకు పల్లంరాజు ఆ గాలివానలో పోయాడు. వేటకెళ్ళిన పడవల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. పోయినవాళ్ళలో ఒడ్డుకి వచ్చినవాడు పల్లంరాజు ఒక్కడే. వలలో చుట్టుకుని వచ్చాడు. ఆ వల అమ్మిరాజు అల్లింది. వల కన్ను ఒక్కటి కూడా తెగలేదు.

ఆ తెగకపోవడమే అమ్మిరాజు కొంప ముంచింది. నీళ్ళు తాగిన వల బరువుకి పడవ ఒరిగిపోయిందనీ, నాసిరకం వలైతే తెగిపోయి కుర్రాడు బతికేవాడనీ పల్లెలో ఎవరో అన్నారు. మొహం మీద ఎవరూ అనలేదు. అతని దగ్గర వలలు తీసుకోవడం మానేశారంతే. అమ్మిరాజు సూది చూరులో దోపేసి ఉప్పు మళ్ళలో కూలికి పోయాడు. ఊరి మాట ఎలా ఉన్నా ఓర్చుకునేవాడే. మేనత్త ఊరందరి మీదా శోకాలు పెడుతోంది గాని, గాలివాన తర్వాత అతని మీద ఒక్కటీ పెట్టలేదు. తన మీద కోపం ఉందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

అలాంటి మనిషే ఒకరోజు వచ్చి, రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి వల కావాలిట, అల్లమంది. ఎందుకో, ఎవరడిగారో చెప్పలేదు. ఈ వలకి మంచి పేరొస్తే మళ్ళీ వలలవాడు. రాకపోతే బతికినన్నాళ్ళూ ఉప్పు మళ్ళే.

రాజమండ్రి మరిడమ్మకి కొట్టినపిండి. వయసులో ఉండగా ఎండుచేపల గంపతో ఆ వీధులన్నీ తిరిగింది. గోదారి మీద రైలు వంతెన ఒక్కటే ఆమెకి కొత్త. దాన్ని కాసేపు చూసి, మంచి పనే అంది. ఆ తర్వాత తెలిసిన గడపలన్నీ వరసగా ఎక్కింది. ఆ ఏడు ఊళ్ళో కలరా ఊడ్చిపెట్టేసింది.

"మేస్త్రిగారేరమ్మా?"

"పోయారు మరిడమ్మా."

"ఆయనకి చెప్పేశాను," అని తల పంకించి పక్కింటికి నడిచింది.

"అటుకులు దంచే పాపాయి?"

"పోయింది. దాంతోపాటు పిల్ల కూడాను."

మరిడమ్మ ఆగిపోయింది. "దానికి చెప్పలేదు. వచ్చేసారి చెబుదాంలే అనుకున్నాను," అంది. ఆ ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చుంది. అమ్మిరాజు వల మూట భుజం మార్చుకుంటూ నిలబడ్డాడు.

తాళ్ళు, సీసం అమ్మే వెంకటరత్నం గారు మాత్రం కొట్లో నిక్షేపంగా ఉన్నారు.

"వచ్చావా? కిందటిసారి నా మీద పెట్టిన శోకంలో దానధర్మాల ఊసే లేదు మరిడమ్మా."

"చేస్తే చెబుదామని చూస్తున్నానండి బాబూ."

"పోనీ తూకం మంచిదన్నావు. అంతే చాలు."

"తూకం మంచిదేనండి. మీ వేలే కొంచెం బరువండి."

ఆయన నవ్వి అమ్మిరాజు వైపు తిరిగారు. "నువ్వేనా వల అల్లింది? మా అబ్బాయి గున్నేశ్వరరావు కాలేజీలో ఫుట్‌బాల్ ఆడతాడు. పోయిన ఆటలో బంతి గుంజల లోపల నుంచి వెళ్ళిందా, బయట నుంచా అని తలకాయలు బద్దలు కొట్టుకున్నారు. ఆ సంగతి పడవవాళ్ళ నోట విని మీ అత్త కబురు పెట్టింది. మావాడి చేత వల అల్లిస్తాను, గుంజలకి కట్టుకోండి, మీ పిల్లల తలలు దక్కుతాయి అని. ముందు ఒకవైపు కట్టి చూద్దామన్నారు కాలేజీవాళ్ళు."

అంటే అడిగింది కాలేజీ కాదు, అత్త. ఎందుకడిగిందో అమ్మిరాజుకి అంతుపట్టలేదు. పదిమందిలో తల దించుకునేలా చేద్దామనేమో అని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది.

ఆట సాయంత్రం. కాకినాడ నుంచి జట్టు వచ్చింది. ఫుట్‌బాల్ ఆటని మరిడమ్మా, అమ్మిరాజూ చూడటం అదే మొదలు. అమ్మిరాజు గుంజలకి వల బిగించి, బంతి కింద నుంచి పారిపోకుండా అడుగు అంచుకి సీసం గుండ్లు కట్టాడు. దాని ముందుకొచ్చి గున్నేశ్వరరావు చేతులు చాచి నిలబడ్డాడు. మరిడమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"బాబూ, వలకి అడ్డం నిలబడ్డారేంటండి?"

"బంతి పడకుండా ఆపాలి మరిడమ్మా."

"పడకుండా ఉండటానికి వలెందుకండి?"

"పడితే తెలియడానికి."

ఇంత చదువు చదివి, వల కట్టుకుని, చేపని తోలేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని ఆమె అమ్మిరాజు చెవిలో అంది.

ఈల పట్టుకున్న దొర ఊదాడు, ఆట మొదలైంది. కాసేపటికే కాకినాడవాడొకడు కాలు పట్టుకుని పడిపోయాడు. అమ్మిరాజు కొంగు పట్టుకునే లోపే మరిడమ్మ మైదానం మధ్యలో ఉంది.

"నీ పేరేంటి నాయనా?"

"జీవరాజండి," అన్నాడు వాడు మూలుగుతూ.

"ఓ నా జీవరాజో, లేడిపిల్లలా పరిగెత్తేవాడివి కదయ్యో."

దొర గబుక్కున టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. జీవరాజు తన చావు వార్త వింటూనే లేచి, కుంటుకుంటూ పరిగెత్తాడు. ఆటలో మందు పట్టీల కంటే ఈవిడ నయమని ఎవరో అన్నారు.

ఆ జీవరాజే తర్వాత గట్టిగా తన్నాడు. బంతి గున్నేశ్వరరావు చేతుల మధ్య నుంచి దూరి, వల చించుకుని, అవతల జామతోటలో పడింది. లోపల నుంచే వెళ్ళిందని వాళ్ళు, పక్క నుంచి వెళ్ళిందని వీళ్ళు. చొక్కాలు పట్టుకున్నారు. దొర వచ్చి చిరుగులో తల దూర్చి చూసి, గోల్ అన్నాడు.

"ఏమయ్యా, వల తెమ్మంటే సాలెగూడు పట్టుకొచ్చావా?" అన్నాడు ఆటగాళ్ళలో ఒకడు.

"దోమలు పడతాయిలేరా, బంతి పడకపోయినా."

అమ్మిరాజు తలెత్తలేదు. సగం ఆట అయి అందరూ మంచినీళ్ళకి పోయాక మరిడమ్మ వల దగ్గరికొచ్చింది. ఒక ముడి రెండు వేళ్ళతో పట్టి లాగింది. జారిపోయింది. పక్కది లాగింది. అదీ జారింది.

"ఇది నువ్వు కట్టిందేనా?"

"నేనే అత్తా."

"ముడి బిగించడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. తెగాలనే వదులుగా కట్టాను. తెగకపోతే ఏమవుద్దో చూశాం కదా."

మరిడమ్మ అతని మొహంలోకి చూసింది. అక్కడే గడ్డిలో కూలబడి, ఫెడీమని గుండెల మీద కొట్టుకుంది.

"ఓ నా అమ్మిరాజో. నీ చేతి ముడి సొరచేప కొరికినా జారేది కాదయ్యో. నా పల్లంరాజు నీ వలని తలకింద పెట్టుకుని పడవలో నిద్రపోయేవాడయ్యో. ఆ గాలికి ఓడలే మునిగాయి, నీ వలెంత, ఆ పడవెంతయ్యో. అప్పాయమ్మకి కొడుకు దొరకలేదయ్యో. వీరవేణికి మొగుడు దొరకలేదయ్యో. ఇప్పటికీ పొద్దున్నే ఒడ్డుకొచ్చి నీళ్ళకేసి చూస్తున్నారయ్యో. నా కొడుకుని నీ వల వదల్లేదయ్యో. నా ఇంటికి తెచ్చి ఇచ్చిందయ్యో. మొహం చూసుకున్నాను, నా చేత్తో నీళ్ళు పోసి పంపించుకున్నాను. ఒక్క ముడి జారి ఉంటే నేనూ వాళ్ళ పక్కన నిలబడి సముద్రం చూస్తూ ఉండేదాన్నయ్యో."

మంచినీళ్ళకి పోయినవాళ్ళు మెల్లగా చుట్టూ చేరారు. కొందరు తలపాగాలు తీశారు. దొర మళ్ళీ టోపీ తీశాడు.

"ఎవరయ్యా పోయింది?" అని అడిగాడొక పెద్దాయన.

"నేనేనండి," అన్నాడు అమ్మిరాజు కళ్ళు తుడుచుకుంటూ.

"అయ్యో పాపం," అన్నాడు పెద్దాయన.

"మరి ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పలేదేం అత్తా?"

"ఏం చూసి చెప్పమంటావురా? నేను పనిని చూసి ఏడుస్తాను. నువ్వు ఉప్పు మోస్తున్నావు. ఉప్పు నీకంటే గాడిద బాగా మోస్తుంది. గాడిద మీద పెట్టాను శోకం, నువ్వక్కడే ఉన్నావు, విన్నావు. సూది పట్టుకుంటావేమోనని చూసీ చూసీ, ఈ పిల్లల తలకాయలు పగిలాయని వినగానే కబురు పెట్టాను."

అమ్మిరాజు సూది తీశాడు. ముందు చిరుగు పూడ్చాడు. మరిడమ్మ కొంగు తడిపి ముళ్ళు తడుపుతూ పోయింది, అతను వెనకాలే ఒక్కొక్కటీ పళ్ళు బిగబట్టి లాగుతూ వచ్చాడు. దొర ఈల ఊదాడు. "ఉండండి బాబూ," అన్నాడు అమ్మిరాజు తల తిప్పకుండా. దొర ఉన్నాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

రెండో సగంలో జట్లు వైపులు మారాయి. ఇప్పుడు వల దగ్గర కాకినాడవాడు నిలబడ్డాడు, రాజమండ్రివాళ్ళు దాని మీదికి వచ్చారు. పొద్దు గుంకబోతుండగా ఒకడు దగ్గర నుంచి బలంగా తన్నాడు. వల కడుపు ఉబ్బి, ఒక్క క్షణం అలా ఆగి, బంతిని నేలమీద పెట్టింది. ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు. అనడానికేమీ లేదు.

మరిడమ్మ వెళ్ళి బంతిని చంకలో పెట్టుకుంది. మా పల్లెలో వలలో పడింది వలవాడిదేనంది. కాకినాడవాళ్ళు, రాజమండ్రివాళ్ళు ఆ రోజు మొదటిసారి ఒక్కటై ఆమెని బతిమాలారు. చివరికి, "పట్టుకుపోండి, మళ్ళీ పడుద్ది," అని వదిలింది. మళ్ళీ పడిందో లేదో, ఎవరు గెలిచారో, అమ్మిరాజుకి తెలియదు. అతను ముళ్ళకేసే చూస్తున్నాడు.

ఆట అయ్యాక గుంజల నుంచి వల విప్పి, దులిపి, సీసం గుండ్లు లోపలికి వచ్చేలా మడత పెట్టాడు. గున్నేశ్వరరావు మట్టికాళ్ళతో వచ్చి చేతులు చాపాడు.

"ఎన్నాళ్ళు మన్నుతుందంటావు అమ్మిరాజూ?"

"మీ గుంజలు పుచ్చిపోతాయేమో గాని, ఇది తెగదండి," అని అమ్మిరాజు రెండు చేతులతో వల అందించాడు.