బుధవారం బండిలో గడినుడి

నేను ఉండేది నిడదవోలు. పనిచేసేది భీమవరంలో, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఒక ల్యాబ్‌లో. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే పాసింజరు బండెక్కుతున్నాను. కిటికీ పక్కన చోటు దొరికితే ఆ గంటా గంటంబావూ నాదే. ఇంట్లో పని లేదు, ల్యాబ్‌లో పని ఇంకా మొదలవలేదు.

ఆ మధ్య టీవీలో ఆదివారం సాయంత్రాలు ఒక కార్యక్రమం వచ్చేది. సీరియల్‌లా ఒకే కథను ఏళ్ళ తరబడి సాగదీసేది కాదు. వారానికో కథ, గంటలో ముగిసిపోయేది. వచ్చేవారం మనుషులు వేరు, ఊరు వేరు. ఒక వారం నవ్వించేవారు, ఇంకో వారం ఏడిపించేవారు. నాకు బాగా నచ్చింది. ఆ కథల మీద ఒక వారపత్రిక గడినుడి వేయడం మొదలుపెట్టింది. పత్రిక బుధవారం వచ్చేది. గడినుడిలో ఆధారాలన్నీ తిరకాసుగా ఉండేవి. పైకి ఒకటి చెబుతున్నట్టు ఉంటుంది, లోపల అడిగేది మరొకటి. కొన్నిటికి ఆదివారం కథ తెలిసుండాలి. కొన్నిటికి మాటను విరవడం, తిరగేయడం చేతకావాలి. నాకు మొదటిది వచ్చు, రెండోది రాదు.

మొదటి బుధవారమే ఒక ఆధారం దగ్గర ఇరుక్కుపోయాను. పెదాల మీదే చదువుకుంటున్నాననుకున్నాను కానీ పైకే చదువుతున్నానట. "నిద్రలో వచ్చేదీ, దేవుడిచ్చేదీ కలిస్తే కంగారే. నాలుగు గడులు."

"కలవరం అండి," అన్నారు ఎదుటి సీటాయన.

యాభై అయిదు దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఒళ్ళో గుడ్డసంచీ. తణుకులో ఎక్కినట్టున్నారు. నేను తెల్లబోయి చూస్తే నెమ్మదిగా విడదీసి చెప్పారు. "నిద్రలో వచ్చేది కల. దేవుడిచ్చేది వరం. కలిపి చదవండి."

చదివాను. ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. "తరవాతది ఏంటండీ?" అన్నారాయన ముందుకు వంగి. భీమవరం వచ్చేలోగా నాలుగు తప్ప అన్నీ నిండిపోయాయి. "ఈ నాలుగూ కథలోవి అనుకుంటానండి. నేను టీవీ చూడను," అన్నారు. నేను ప్లాట్‌ఫారం మీద నడుస్తూనే కథ చెప్పేశాను. మెట్లు దిగేసరికి ఆ నాలుగూ కూడా వచ్చేశాయి.

ఆయన భీమవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారు. అప్పటినుంచి మాకొక అలవాటు ఏర్పడింది. సోమవారం నేను కథ చెప్పాలి. మంగళవారం ఆ కథలో ఎవరిది తప్పని ఇద్దరం వాదించుకోవాలి. బుధవారం గడినుడి. ఆయన కథ వినే తీరు చిత్రంగా ఉండేది. "ఆవిడ ఏ రంగు చీర కట్టుకుందమ్మా?" అనేవారు. "ఆ ఇంటి ముందు ఏముంది? మొక్కలా, అరుగా?" అనేవారు. గడినుడిలో అడుగుతారేమోనని ముందుజాగ్రత్త కాబోలు అనుకునేదాన్ని. పెన్ను మాత్రం ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా, మీరు చదవండి," అనేవారు. ప్రతివారం మర్చిపోయేవారు. తెలుగు మాస్టార్లకి మతిమరుపు ఎక్కువని సరిపెట్టుకున్నాను.

రెండు నెలలు అలా గడిచాక ఒక ఆదివారం నేను కథ చూడలేదు. ఆ వారం చెరువుల్లో రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చిందని రైతులు ల్యాబ్ దగ్గర బారులు తీరారు. ఆదివారం కూడా వెళ్ళాల్సి వచ్చింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నాను. సోమవారం తణుకులో ఆయన ఎక్కి కూర్చుని, సంచీ సర్దుకుని, "ఊఁ, చెప్పండమ్మా," అన్నారు. ఆ ముఖంలో ఆత్రం చూశాక చూడలేదని చెప్పబుద్ధి కాలేదు. అప్పటికప్పుడు ఒక కథ అల్లేశాను. కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒకావిడ, పెళ్ళిజాకెట్టు తప్పు కొలతలతో కుట్టేస్తుంది, పెళ్ళికూతురు అదే తొడుక్కుని పీటల మీద కూర్చుంటుంది. చెబుతుంటే నాకే బాగుందనిపించింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

బుధవారం పత్రిక తెరిచాను. మొదటి ఆధారమే చదివాను. "ఆదివారం కథలో తాతగారి ప్రాణం. బడిలో రాసేది తిరగబడితే అడితిలో దొరుకుతుంది. మూడు గడులు."

"బడిలో రాసేది పలక. తిరగబడితే కలప," అని ఆయన ఆగారు. "కుట్టుమిషను కథలోకి కలప ఎందుకొచ్చిందమ్మా? తాతగారు ఎవరు?"

ఇంకేం దాస్తాను? "క్షమించండి మాస్టారూ. ఆదివారం నేను టీవీ పెట్టనేలేదు. ఆ కథ నేనే కల్పించాను," అన్నాను.

కోప్పడతారనుకున్నాను. ఆయన గట్టిగా నవ్వారు. పక్క సీట్లవాళ్ళు తిరిగి చూశారు. నవ్వు ఆగాక కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. తరవాత గొంతు తగ్గించి, "మీ అబద్ధం మూడు రోజుల్లో బయటపడిందమ్మా. నాది మొదలై రెండేళ్ళయింది. ఇంకా బయటపడలేదు," అన్నారు.

"ఏంటండీ?"

"నాకు కళ్ళజోడు లేదమ్మా. మర్చిపోవడానికి అసలు కళ్ళజోడంటూ ఉండాలి కదా. పెట్టుకున్నా ప్రయోజనం లేదన్నారు. నీటికాసులట, గ్లకోమా. చుట్టూ అంతా పోయింది. మధ్యలో చిన్న కిటికీ అంత మిగిలింది. దాంట్లో కూడా అక్షరాలు నిలబడవు."

స్కూల్లో ఎవరికీ తెలియదట. పాఠాలన్నీ నోటికి వచ్చు. పిల్లల్ని గొంతుల్ని బట్టి గుర్తుపడతారు. పరీక్ష పేపర్లు ఇంటికి తీసుకెళితే ఆయన భార్య చదివి వినిపిస్తుంది, ఈయన మార్కులు చెబుతారు. తెలిస్తే మానిపించేస్తారని భయం. "పాఠం చెప్పకపోతే నేనేం చేస్తానమ్మా? ఇంకేం రాదు నాకు," అన్నారు. పదిమందికి తెలుస్తుందని డాక్టరు దగ్గరికి వెళ్ళడం కూడా మానేశారట.

ఆ రోజు నేను ఏ సలహా చెప్పలేదు. పెద్దాయన, ఆయన ఇష్టం అనుకున్నాను. నాతో చెప్పుకున్నందుకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. చెప్పుంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

రెండు వారాల తరవాత మళ్ళీ బుధవారం. ఆయన ఎక్కి, పలకరించకుండా కూర్చున్నారు. ఒంట్లో బాగాలేదేమోనని నేనే మొదలుపెట్టాను. "చూసి చెయ్యి చాచడమే జాలి. నాలుగు గడులు."

మామూలుగా నేను చదవడం పూర్తికాకముందే ఆయన జవాబు చెప్పేస్తారు. ఆ రోజు నోరు మెదపలేదు. అత్తిలి దగ్గరపడుతోంది. నేనే పెన్ను కొరుక్కుంటూ ఆలోచించాను. చూసి అంటే కని. చెయ్యి అంటే కరం.

"కనికరం! మాస్టారూ, ఇది నేనే చెప్పేశానండీ!" అన్నాను చిన్నపిల్లలా. నా అంతట నేను విప్పిన మొదటి తిరకాసు అది. ఆయన భేష్ అనలేదు. తల దించుకునే ఉన్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

అప్పుడు చెప్పారు. ముందురోజు ఏడో తరగతిలో పద్యం చెబుతున్నారట. పద్యం మధ్యలో ఎవరూ మాట్లాడకూడదని ఆయన నియమం. గోడవైపు చివరి బల్లలో ఒక పిల్లకి జ్వరం. బయటికి వెళ్ళడానికి చెయ్యెత్తి నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఆయన పద్యం చెబుతూనే ఉన్నారు. ఆ పిల్ల అలాగే కూలిపోయింది. బల్ల అంచు తగిలి పెదవి చీలింది, రెండు కుట్లు పడ్డాయి.

"సాయంత్రం వాళ్ళమ్మ వచ్చిందమ్మా. 'పిల్ల చెయ్యెత్తి నిలబడితే చూసి కూడా ఊరుకున్నారంటండీ?' అంది. ఒక్క తిట్టు తిట్టలేదు. అంతే అడిగింది. చూసి అన్న మాట నేను కాదనలేకపోయాను. కాదంటే చూడలేనని చెప్పాలిగా. తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ అలాగే వెళ్ళిపోయింది."

ఈసారి నేను ఊరుకోలేదు.

"చెప్పెయ్యండి మాస్టారూ."

"చెబుతానమ్మా. ఈ పరీక్షలు కానీ."

"ఇవాళే చెప్పండి. నేనూ వస్తాను."

ల్యాబ్‌కి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని ఇద్దరం స్కూలుకి వెళ్ళాం. దారంతా ఆయన గుడ్డసంచీ గుండెలకి హత్తుకుని కూర్చున్నారు.

హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను చూసి, ఏదో పిల్ల తల్లిననుకున్నారు. మాస్టారు కూర్చోకుండానే చెప్పేశారు. రెండే వాక్యాలు. ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టేశారు.

"ఎన్నాళ్ళనుంచండీ?"

"రెండేళ్ళండి."

"రెండేళ్ళా! మూడు సెక్షన్ల పిల్లల్ని మీకు అప్పగించి నేను నిశ్చింతగా ఇక్కడ కూర్చున్నానండీ. ఇంకేమన్నా అయ్యుంటే నేనేం సమాధానం చెప్పుకోను?"

ఆవిడ కోపంలో తప్పేమీ లేదు. మాస్టారు కూడా ఎదురు చెప్పలేదు. ఆవిడ నీళ్ళగ్లాసు ఆయన వైపు జరిపారు. ఆయన చెయ్యి గ్లాసు పక్కనుంచి వెళ్ళి బల్లను తడిమింది. నేను లేవబోయేలోగా ఆవిడే కుర్చీలోంచి లేచి వచ్చి, గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు చుట్టూ మూసి వెళ్ళారు. తిరిగి కూర్చున్నాక ఆవిడ గొంతు మారింది. "ముందు డాక్టరుకి చూపించుకోండి. తరవాత సంగతి తరవాత," అన్నారు.

మాస్టారు ఒక్కటే అడిగారు, ఆ పిల్ల తల్లి నంబరు. నేను నా ఫోన్‌లో కలిపి ఇస్తే, హెడ్‌మిస్ట్రెస్‌గారి గది బయటే, వరండాలో నిలబడి ఆ తల్లితో మాట్లాడారు. నేను దూరంగా నిలబడ్డాను. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు. ఫోను నాకు ఇచ్చేటప్పుడు మాత్రం, "ఆవిడ నన్నే ఓదారుస్తోందమ్మా," అన్నారు.

తరవాత ఆరేడు వారాలు ఆయన బండెక్కలేదు. సెలవు పెట్టమన్నారట. బుధవారాలు నేనొక్కదాన్నే గడులు నింపడానికి కూర్చుంటే సగం ఖాళీగా మిగిలేవి. ఒకసారి ఫోన్ చేస్తే వాళ్ళావిడ తీశారు. "ఎవరితోనూ మాట్లాడట్లేదండి. రేడియో పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు," అన్నారు. ఏమనాలో తోచక, "ఆయన చేతికి ఇవ్వండి, ఏమీ మాట్లాడక్కర్లేదు, వింటే చాలు," అన్నాను. ఒక ఆధారం చదివాను. అవతల నిశ్శబ్దం. రెండోది చదివాను. నిశ్శబ్దం. మూడోది కావాలని తప్పుగా చదివాను.

"అలా ఉండదమ్మా ఆధారం. సరిగ్గా చూడండి," అన్నారు విసుగ్గా.

ఆ విసుగు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

పోయిన చూపు ఇక రాదని డాక్టర్లు తేల్చి చెప్పారు. చుక్కలు మానకుండా వేసుకుంటే మిగిలింది నిలుస్తుందన్నారు. ముందే వచ్చుంటే ఇంకొంచెం మిగిలేదని కూడా అన్నారట. స్కూలువాళ్ళు ఆయన క్లాసులన్నీ తీసేశారు. పద్యాలు, ఉచ్చారణ నేర్పడానికి వారానికి ఆరు పీరియడ్లు మాత్రం ఉంచారు. ఆ పీరియడ్లలో గదిలో ఇంకో టీచరు ఉంటారు. ఆ ఏర్పాటు ఆయనకి మొదట చిన్నతనంగా అనిపించింది. "నాకు కాపలా," అనేవారు. కొన్నాళ్ళకి ఆ టీచరమ్మకే పద్యాలు పట్టుబడ్డాయని చెప్పి సంబరపడ్డారు.

మళ్ళీ బండెక్కడం మొదలుపెట్టేసరికి చేతిలో తెల్లకర్ర ఉంది. తణుకులో వాళ్ళావిడ ఎక్కించి వెళుతుంది, భీమవరంలో నేను దింపుకుంటాను.

ఆ టీవీ కథలు ఆ వేసవికి ఆగిపోయాయి. పత్రికలో గడినుడి కూడా ఆగింది. ఖాళీగా కూర్చోలేక, "నేను ఆధారాలు చెబుతాను, మీరు గడులు గియ్యండమ్మా. కథకేం, మీరు కల్పించగలరుగా," అని వేళాకోళమాడారు. వేళాకోళమే పని అయింది. ఆయన తలలోనే అడ్డం, నిలువు పేర్చుకుంటారు. నేను నోటుబుక్కులో గీసి, ఎక్కడ అక్షరం కలవడం లేదో చెబుతాను. పత్రికకి మొదట పంపింది తిప్పి పంపారు. తప్పు నాదే, ఒక వరసలో గడి ఎక్కువ గీశాను. రెండోది నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు.

ఒక బుధవారం నిడదవోలు స్టేషన్లో పత్రిక తిరగేస్తుంటే మా గడినుడి కనిపించింది. తణుకు వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. ఆయన కూర్చోగానే చెప్పాను. ఆధారాలు చదవబోతే వద్దన్నారు. "అవి నాకు తెలుసుగా. పేజీ ఎలా ఉందో చెప్పండి. ఎంత పెద్దగా వేశారు? పక్కన ఏముంది?"

"అరచెయ్యంత ఉందండి. పక్కన ఆవకాయ ప్రకటన."

"మంచి జాగానే," అన్నారు.

అంతలో అవతలి వరసలో కూర్చున్న ఒకాయన అదే పేజీ మడిచి పెన్ను తీశాడు. బ్యాంకు ఉద్యోగిలా ఉన్నాడు. కాసేపటికి తనలో తను గొణుక్కోవడం మొదలైంది. "గడప తిరగబడితే పాము విప్పుతుంది... మూడు గడులు... గడపేంటి, పామేంటి..."

నేను నోరు తెరవబోయాను. మాస్టారు కర్రతో నా కాలి దగ్గర మెల్లగా తట్టి, వద్దన్నట్టు తల ఊపారు. ఆయన పెదాలు బిగపట్టుకుని ఉన్నారు, నవ్వు ఆపుకోలేక భుజాలు కదులుతున్నాయి. బండి అత్తిలిలో ఆగింది, కదిలింది. ఇటు చెరకు తోటలు పోయి అటు చెరువులు మొదలయ్యాయి. బ్యాంకాయన పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"పడగ!" అని అరిచాడు ఉన్నట్టుండి. ఎవరికి చెప్పాలో తెలియక మా వైపు తిరిగి, "చూశారాండీ, గడపని వెనక్కి చదివితే పడగ! ఎవరు తయారుచేశారో గానీ, గట్టివాళ్ళండీ," అన్నాడు.

"అలాగాండీ," అన్నారు మాస్టారు. "తరవాతది ఏంటండీ?"