నలభై ఎనిమిదో రోజున వచ్చిన మనిషి

పొద్దున్నే పొయ్యి రాజేసి, ఉప్పు చాయ్ కాచి, మొగుణ్ణి మూడుసార్లు తిట్టి లేపడం యాంగ్జీకి ముప్ఫై ఏళ్ల అలవాటు. భూకంపంలో దుంపలు దాచే కొట్టు గోడ మీదపడి గ్యాల్జెన్ పోయాక పొయ్యీ చాయ్ ఉన్నాయిగానీ, తిట్టడానికి మనిషి లేడు. ఇప్పుడు రేకుల గుడిసెలో పొయ్యి పక్కన, ఆయన ఉంటే కూర్చునే చోట రోజూ ఉడికిన దుంపలు, మిరప్పండ్లు నూరిన ఉప్పు పళ్లెంలో పెడుతోంది.

పోయినవాడు నలభై తొమ్మిది రోజులు ఇంటి చుట్టూనే తిరుగుతాడు. తాను పోయిన సంగతి తనకు తెలియదు. బౌద్ధ మఠం లామా వచ్చి కూర్చుని ఆ సంగతి చెప్పాలి. కొండచరియ విరిగిపడి దారి తెగిపోయింది, లామా అవతలే చిక్కుకుపోయాడు. ఇక చెప్పాల్సింది పెళ్లామే. గ్యాల్జెన్ చెబితే నమ్మే రకమా? జడలబర్రె ఈనిందంటే వెళ్లి దూడ తోక పట్టుకుని చూస్తేగానీ ఒప్పుకునేవాడు కాదు.

రోజూ పళ్లెం ముందు కూర్చుని నోరు తెరిచేది. "చేలో దుంప మొక్కలు జానెడు లేచాయి" అని ఊరుకునేది. అసలు మాట రేపటికి వాయిదా పడేది. అలా నలభై ఎనిమిదో రోజొచ్చింది. రేపటిలోగా చెప్పకపోతే ఆయన దారి తెలియక ఈ కొండల్లోనే తిరుగుతాడు.

ఆ పొద్దున మబ్బు గుమ్మందాకా దిగింది. సాయం సరుకులు తెచ్చే హెలికాప్టరు మోత వినిపించింది, ఆ తరవాత ధబ్బున ఏదో పడింది. కొండ రోజూ ఏదో ఒకటి పడేస్తూనే ఉంది కదా అని యాంగ్జీ తల తిప్పలేదు. కాసేపటికి నిలువెల్లా తెల్లటి మనిషొకడు తూలుతూ వచ్చి, సరిగ్గా గ్యాల్జెన్ చోట్లో కూలబడి, దుంపను కారపు ఉప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

పోయాక కాస్త పొట్టి అయ్యాడనుకుంది యాంగ్జీ. కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఇదిగో, కోప్పడకుండా విను. నువ్వు చచ్చిపోయావు."

నములుతున్న నోరు ఆగింది. "ఎప్పుడు?" అన్నాడు, పిండి అడ్డంపడిన బొంగురు గొంతుతో.

"నలభై ఎనిమిది రోజులయింది."

ఆయన తన తెల్లటి చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "మరి నోరు మండుతోందే?"

"నాకు తెలుసు, నువ్వు నమ్మవని," అని యాంగ్జీ ఏడుపందుకుంది. ఏడుస్తూనే అన్నీ చెప్పేసింది. గోడ సంగతి, ఆ రోజు కూడా తిట్టే లేపిన సంగతి, ఇల్లు తను చూసుకుంటుందని, వెనక్కి చూడకుండా వెళ్లమని. విన్నవాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే పక్కింటి లాము ఆయాసపడుతూ వచ్చింది. యాంగ్జీ దుంపల చేలో హెలికాప్టరు పక్కకు ఒరిగి పడుందని, పిండి బస్తాలు పగిలి చేనంతా మంచు కురిసినట్టుందని, పైలట్ మాత్రం కనబడలేదని చెప్పింది. చెబుతూ చెబుతూ పొయ్యి పక్కనున్న పిండి మనిషిని చూసి, "ఇడుగో, ఇక్కడున్నాడే!" అని వేలు చూపించింది.

మధ్యాహ్నం మబ్బు తేలాక పైలట్‌ను తీసుకెళ్లడానికి ఇంకో హెలికాప్టరు వచ్చింది. సుభాష్ కార్కీ అనే ఆ పైలట్, నుదుటి మీద బొప్పి తప్ప దెబ్బల్లేనివాడు, గుమ్మంలో ఆగాడు.

"అక్కా, నేను బతికే ఉన్నానని నీ నోటితో ఒక్కసారి అను. నువ్వు చెబితే నమ్మబుద్ధేస్తోంది."

"బతికే ఉన్నావు తమ్ముడూ. మబ్బుల్లో ఎగరకు."

ఆయన వెళ్లాక లాము పొట్ట పట్టుకుని నవ్వింది. "చెప్పాల్సినవాడికి చెప్పకుండా పరాయివాణ్ణి చంపేశావు కదే."

"అంత గట్టిగా ఏడ్చాను. ఇక్కడే తిరుగుతున్నవాడు వినకుండా ఉంటాడా?" అంది యాంగ్జీ. ఆమెకూ నవ్వొచ్చింది.

గుమ్మం నుంచి పొయ్యిదాకా, పొయ్యి నుంచి మళ్లీ గుమ్మందాకా తెల్లటి అడుగులున్నాయి. లాము చీపురు తీసింది. యాంగ్జీ దాన్ని చేతిలోంచి తీసుకుని మూలన పెట్టేసింది.

"ఇవాళ్టికి వద్దులే. వెళ్లినవాళ్లు దూరం పోనీ."