అవ్వ తొడుక్కున్న గమ్‌బూట్లు

నేను మా దీవుల దేశానికి రాజధాని అయిన సువాలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో పీజీ చేస్తున్న రోజులవి. ఇంకో దీవిలో, లబాసా దగ్గర టాబియాలోని మా ఇంట్లో ఒక రౌటర్ పెట్టి, సముద్రానికి ఇవతల సువా ల్యాబ్ నుంచి దాన్ని నడిపి చూపించాలి. అదే చివరి పరీక్ష.

ఇద్దరు ఎగ్జామినర్లు నా వెనకే నిలబడ్డారు. బయటివాళ్ళెవరూ రౌటర్‌లోకి రాకుండా ఆపే కమాండ్ కొట్టాను. ఆ కంగారులో నన్ను నేనే బయటికి నెట్టేసుకున్నాను! స్క్రీన్ బిగుసుకుపోయింది.

మార్పు ఇంకా సేవ్ చేయలేదు కాబట్టి, రౌటర్ ప్లగ్గు పీకి మళ్ళీ పెడితే చాలు, అంతా మామూలవుతుంది. కానీ అమ్మానాన్నలు చెరకు పొలంలో ఉన్నారు. ఇంట్లో ఉన్నది అవ్వ ఒక్కతే. ఆవిడ కరెంటుకి భయపడి లైటు స్విచ్చి కూడా ముట్టుకోదు. అయినా ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అమ్మో, బిజిలీ పట్టుకుంటే నేను ఖలాస్ బేటీ!"

"అవ్వా, నా పరీక్ష పోతాది!"

అవ్వ ఫోన్ పక్కన పెట్టేసింది. తర్వాత ఏదో బరువుగా ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు, "రామా రామా" అన్న గొంతు వినిపించాయి.

"పీకినా. మళ్ళీ పెట్టినా. బతికే ఉండా!"

ఎగ్జామినర్లు పకపకా నవ్వారు. కాసేపటికి రౌటర్ మళ్ళీ లైన్‌లోకి వచ్చింది, నేను పాసయ్యాను.

సెలవులకి ఇంటికెళ్తే రౌటర్ పక్కనే నాన్న వానల్లో పొలానికి వేసుకెళ్ళే పొడవాటి రబ్బరు గమ్‌బూట్లు కనిపించాయి. షాక్ కొట్టకుండా అవ్వ ఆ రోజు తొడుక్కున్నవి అవే.

"అక్కడే ఉండనీ, మళ్ళీ పరీక్ష ఉంటే చెప్పు," అంది.

నా డిగ్రీ మీద నా పేరే ఉంది. నాకు మాత్రం అందులో ఆ బురద బూట్లే కనిపిస్తాయి.